టక్కుమని ఆగిపోయే సెల్ఫ్, నీలం పూసిన వైరు

తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు. ఇంజను తిరగదు. మళ్లీ తిప్పితే మళ్లీ టక్. అలా కాసేపు బతిమాలించుకుని, ఉన్నట్టుండి గిర్రున తిరిగి స్టార్టయ్యేది. పొద్దున్న కాస్త నయం. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చి ఆపితే మాత్రం ఇక తోసుకోవడమే. మా మామయ్యగారి మారుతి 800 సంగతి ఇది. 1997 మోడల్, కార్బ్యురేటర్ బండి. అమ్మేద్దామని ఇంట్లో ఎవరన్నా అంటే ఆయనకి ఆ పూట చెవులు వినపడవు. పదిహేనేళ్లు దాటిన కార్లకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 కాస్తా 5,000 అయితే, అదీ కట్టొచ్చారు. "2014 జనవరిలో ఈ బండి తయారీయే ఆపేశారమ్మా, పోతే మళ్లీ దొరకదు" అని ఆయన వాదన. వాదించి లాభం లేదని మా ఆయన ఎప్పుడో వదిలేశాడు.

బందరులో ఈ రోగానికి ఎవర్ని అడిగినా రెండే మందులు. మొదటిది బ్యాటరీ, రెండోది ఇంజనుని తిప్పి స్టార్టు చేసే సెల్ఫ్ మోటారు. ముందు బ్యాటరీ మార్చారు. 35 ఆంపియర్ అవర్‌ది, గ్యారంటీ కార్డుతో సహా కొత్తది. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మొదలు. తర్వాత సెల్ఫ్ దించి కార్బన్ బ్రష్షులూ బుష్షులూ వేశారు. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మొదలు. ఈ 'కొన్నాళ్లు బాగుండటం' చూసే అందరూ మోసపోతారు. బ్యాటరీ మార్చేటప్పుడు వైర్లని బ్యాటరీకి పట్టించే క్లాంపులు ఊడదీసి, గీకి, మళ్లీ బిగిస్తారు కదా. సెల్ఫ్ దించినప్పుడూ అంతే, దాని మీది నట్టు విప్పి వైరు తీసి మళ్లీ బిగిస్తారు. గుణం కనిపించింది ఆ గీకుడు వల్ల. పేరు మాత్రం కొత్త సామానుకి వచ్చింది.

నాకు అనుమానం వైరు మీదికి పోవడానికి కారణం మా వృత్తి. మాది చిలకలపూడి, రోల్డ్‌గోల్డ్ పని. మా షెడ్డులో రాగి తొట్టె, నికెల్ తొట్టె, చివర్లో బంగారు పూత. తొట్టెలకి కావలసిన వోల్టులు చాలా తక్కువ, ఆంపియర్లు మాత్రం ఎక్కువ. తొట్టె మీద ఇత్తడి కడ్డీ, కడ్డీకి కొక్కేలు, కొక్కేలకి సరుకు. కొక్కెం కడ్డీని తాకే చోట కాస్త చిలుము పడితే చాలు, దానికి వేలాడే గొలుసులన్నీ పాలిపోయి వస్తాయి. తొట్టెలకి డీసీ కరెంటు ఇచ్చే రెక్టిఫయర్ మీటరు చూస్తే వోల్టులు బ్రహ్మాండంగా ఉంటాయి. పెళ్లయి వచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు నేర్పిన మొదటి పని పూత వేయడం కాదు, రోజూ పొద్దున్నే ఆ కడ్డీని ఉప్పుకాగితంతో రుద్దడం. వోల్టులు తక్కువ, ఆంపియర్లు ఎక్కువ ఉన్న చోటల్లా చెడేది కలిసే చోటే. కారు సెల్ఫ్ కూడా అలాంటిదే కదా. పన్నెండు వోల్టులు, వంద ఆంపియర్లకి అటూ ఇటూ.

ఒక లెక్క వేసుకుంటే సంగతి తెలుస్తుంది. ఎక్కడో ఒక అతుకు దగ్గర కరెంటుకి ఓములో నూరో వంతు అడ్డం, అంటే రెసిస్టెన్సు, ఉందనుకోండి. ఇంట్లో బల్బుకి, ఫ్యానుకి అది లెక్కలోకే రాదు. వంద ఆంపియర్లు పోయే చోట మాత్రం అదే ఒక పూర్తి వోల్టుని మింగేస్తుంది. అలాంటివి మూడు నాలుగు చోట్ల ఉంటే, తూము పూడిపోయిన చెరువు నిండుగా ఉన్నట్టే, బ్యాటరీలో ఎంత ఉన్నా సెల్ఫ్‌కి చేరదు.

అందుకే మల్టీమీటరుని ఓముల మీద పెట్టి వైరు రెండు కొసలూ తాకించి 'కుయ్' మనగానే వైరు బాగుందనుకోవడం దండగ. ఆ మీటరు పంపే కరెంటు బహు తక్కువ. వందల పోగుల్లో నాలుగు పోగులు బతికున్నా కుయ్ అంటుంది. పైగా నూరో వంతు ఓమ్‌ని మామూలు మీటరు చూపించలేదు, దాని సొంత తీగల అడ్డమే అంతకంటే ఎక్కువ. వైరుని కొలవాలంటే దాని మీద బరువు ఉన్నప్పుడే, అంటే సెల్ఫ్ కొడుతున్నప్పుడే కొలవాలి.

ఒక ఆదివారం మా మరిదిని స్టీరింగు దగ్గర కూర్చోబెట్టాను. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను స్టార్టు కాకుండా కాయిల్ మధ్యలోంచి డిస్ట్రిబ్యూటరుకి పోయే లావు వైరు పీకి బాడీకి ఎర్త్ చేశాను. ఇది కాయిల్ ఉన్న పాత బండ్లకి చెల్లుతుంది, కొత్త బండ్లలో ఇలా చేయకండి. షెడ్డులో తొట్టెల కరెంటు చూసే డీసీ క్లాంపు మీటరుని బ్యాటరీ వైరుకి తగిలించాను. మల్టీమీటరుని డీసీ వోల్టుల మీద పెట్టాను. నేను "ఊఁ" అంటే అతను తాళం తిప్పాలి, అయిదు లెక్కపెట్టేలోపు వదిలేయాలి. ప్రతిసారీ సెల్ఫ్ చల్లారేదాకా ఆగాం. ఒక్కోసారి టక్కుమనే, ఒక్కోసారి నీరసంగా తిరిగే. తిరిగినప్పటి అంకెలే రాసుకున్నాను.

తాళం తిప్పకముందు బ్యాటరీ 12.6. అంటే నిండుగా ఉంది. సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ సీసపు గుబ్బల మధ్య 11.6. ఇక్కడే సగం తేలిపోయింది. బ్యాటరీ పోయినదైతే ఇది తొమ్మిదిన్నర కిందికి జారాలి. ఇది అసలు కష్టపడటమే లేదు. క్లాంపు మీటరు 85 ఆంపియర్లు చూపించింది.

తర్వాత అసలు కొలత. మీటరు తీగల్లో ఒకదాని ముల్లు బ్యాటరీ పాజిటివ్ గుబ్బ మీద, రెండోది కింద సెల్ఫ్ మీది రాగి బోల్టు మీద. రెండూ ఒకే దారిలో ఉన్నవే కాబట్టి మీటరు సున్నా దగ్గర ఉండాలి. అర వోల్టు దాకా ఓర్చుకోవచ్చు. మాకు 1.9 వచ్చింది. ఆ 1.9 ఎక్కడెక్కడ పోతోందో ముక్కలు ముక్కలుగా చూశాను. గుబ్బ నుంచి దాని మీద బిగించిన క్లాంపుకి 0.6. క్లాంపు నుంచి వైరు అవతలి కొస లగ్గుకి, అంటే బోల్టుకి తగిలించే రంధ్రమున్న లోహపు ముక్కకి, 0.9. లగ్గు నుంచి సెల్ఫ్ బోల్టుకి 0.4. గుబ్బకీ క్లాంపుకీ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు, అక్కడ 0.6 వోల్టులు! మా మరిది నమ్మలేదు, దిగొచ్చి చూశాడు.

ఎర్త్ వైపు ఎవరూ చూడరు. ఎర్త్ అంటే ఏదో నల్ల వైరు, బాడీకి తగిలిస్తే చాలు అనుకుంటారు. సెల్ఫ్‌లోకి పోయిన కరెంటంతా ఆ దారినే వెనక్కి రావాలి. ఇంజను బ్లాకు నుంచి నెగటివ్ గుబ్బకి కొలిస్తే 1.3. అందులో 0.9 బాడీకీ ఇంజనుకీ మధ్యే పోతోంది. ఇంజను కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, కాబట్టి బాడీకీ దానికీ ఇనుముతో చుట్టరికం లేదు. మధ్యలో ఒక అల్లిన రాగి పట్టీయే దిక్కు. మా బండిలో ఆ పట్టీ ఆకుపచ్చగా మారి, పట్టుకుంటే చేతిలో పొడి రాలింది. ఈ పట్టీ పూర్తిగా తెగితే కరెంటు ఊరుకోదు, క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు లోపలి తీగల గుండా దారి వెతుక్కుంటుంది. అవి కాలి, లోపల అతుక్కుపోతాయి. ఏ కారణం లేకుండా క్లచ్ కేబులు ఊరికే బిగుసుకుపోతోందంటే ఓసారి ఈ పట్టీ వైపు చూడండి.

మొత్తం 3.2 వోల్టులు దారిలోనే హారతి. బ్యాటరీ ఇచ్చింది 11.6, సెల్ఫ్‌కి ముట్టింది 8.4.

పాజిటివ్ క్లాంపు మీద చాన్నాళ్లుగా నీలంగా బూజులా ఏదో పేరుకుని ఉంది. మామయ్యగారు వేడి నీళ్లు పోసి కడుగుతూ ఉంటారు, అది మళ్లీ వస్తూ ఉంటుంది. ఆ నీలం చూసి నేను పోల్చుకోకపోతే ఎవరు పోల్చుకుంటారు! మైలుతుత్తం అది. మా రాగి తొట్టెలో ఉన్నది అదే, మైలుతుత్తమూ సల్ఫ్యూరిక్ ఆసిడ్డూ కలిపిన నీళ్లు. బ్యాటరీ లోపలా సల్ఫ్యూరిక్ ఆసిడ్డే. ఛార్జింగు ఎక్కేటప్పుడు బుడగలు లేచి ఆసిడ్ తుంపర మూతల సందుల్లోంచి, గుబ్బ ప్లాస్టిక్కులోంచి పైకి వచ్చే చోట నుంచి కొద్దికొద్దిగా ఊరుతుంది. రాగికీ ఇత్తడికీ తగిలితే, గాలి సాయంతో నీలం. సీసానికి తగిలితే తెల్లటి పొడి. దానికి తోడు మా బందరు గాలి. మంగినపూడి బీచి వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి ఇక్కడ కిటికీ ఊచలే నిలవవు. ఏ ఊళ్లోనైనా వచ్చే చిలుము మా ఊళ్లో ఇంకాస్త ముందొస్తుంది.

పైకి కనపడే నీలం చిన్న రోగం. కడిగితే పోతుంది. పెద్ద రోగం తొడుగు లోపల ఉంటుంది. వైరంటే సన్నటి రాగి పోగుల కట్ట. ఆ పోగుల సందుల్లోకి, దీపపు వత్తిలోకి నూనె పాకిన పద్ధతిలోనే ఆసిడ్ తేమ పాకుతుంది. పై రబ్బరు బాగానే కనపడుతుంది, లోపల పోగులు ఒక్కొక్కటీ నల్లబడి పెళుసెక్కుతాయి. పాత వైరు తీశాక లగ్గు దగ్గర బ్లేడుతో తొడుగు చీల్చి చూశాను. మొదట ఆకుపచ్చ, తర్వాత నలుపు. జానెడు దూరం పోయినా ఎర్రటి రాగి కనపడలేదు. అందుకే కొస కత్తిరించి కొత్త లగ్గు వేసేద్దామనేది పనికిరాదు. నల్లబడిన రాగికి అతుకు వేసే సీసం కూడా అంటదు.

వైరు కొనడం ఒక ప్రహసనం. కోనేరు సెంటర్ చుట్టుపక్కల రెడీమేడ్ బ్యాటరీ వైర్లు దొరుకుతాయి, ఎర్రది ఒకటి నల్లది ఒకటి, రెండు కొసలా క్లాంపు, లగ్గు బిగించినవి. చేతిలోకి తీసుకుంటే దూదిలా తేలిక. పై తొడుగు బొటనవేలంత లావు, లోపల రాగి చూపుడువేలి గోరంత. ఒక పోగు లాగి బ్లేడుతో గీకితే పైన ఎరుపు, లోపల తెలుపు. అల్యూమినియం మీద రాగి పూత! పూత పని చేసుకు బతికే మనిషికి పూత వైరు అమ్మజూపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. దుకాణం అబ్బాయికి అదే మాట అంటే, "అందరూ ఇదే తీసుకెళ్తారక్కా" అన్నాడు. తప్పు అతనిది కాదు, సరుకు అలా వస్తోంది. అల్యూమినియానికి అదే లావులో రాగి కంటే అడ్డం ఎక్కువ, నొక్కిన లగ్గు కింద నెమ్మదిగా వదులవుతుంది, పూత పోయిన చోట తడి తగిలితే రాగి కంటే తొందరగా తినేసుకుంటుంది. జంపరు వైర్లని అమ్మే వాటిల్లోనూ చాలావరకు ఇదే బాపతు.

మా ఆయన వేరే పని మీద బెజవాడ వెళ్తుంటే ఆటోనగర్లో వెల్డింగు కేబులు తెమ్మన్నాను. 25 చదరపు మిల్లీమీటర్ల రాగిది, మూడు మీటర్లు. వెల్డింగు కేబుల్లో పోగులు సన్నగా, ఎక్కువగా ఉంటాయి, ఎటు వంచితే అటు వంగుతుంది. సెల్ఫ్ కొట్టినప్పుడల్లా ఇంజను ఊగుతుంది కాబట్టి అలా వంగే వైరే కావాలి. ఇంత చిన్న బండికి 16 చదరపు మిల్లీమీటర్లదైనా సరిపోతుంది, కాదనను. 16దానికి మీటరుకి 1.2 మిల్లీఓములు, 25దానికి 0.8 లోపు. తేడా డబ్బు టీ ఖర్చు పాటిది, ఒకసారి వేస్తే మళ్లీ చూడక్కర్లేదని లావుదే తెప్పించాను. మరీ లావుదైతే మళ్లీ వంగదు, ఇరుకులో పట్టదు.

లగ్గులు తగరం పూత పూసిన రాగివి, 25 సైజువి, సెల్ఫ్ బోల్టు పట్టే రంధ్రం ఉన్నవి. వీటిని సుత్తితో కొట్టి చదును చేస్తే నొక్కినట్టు కాదు. హైడ్రాలిక్ టూలు కావాలి. అది మాకు లేదు కానీ మా వీధి చివర ఒక కుర్రాడు రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లకి కేబుళ్లు వేస్తాడు, అతని దగ్గరుంది. ఉప్పునీళ్లలో తడిసే కేబుళ్లకి లగ్గులు నొక్కి నొక్కి చెయ్యి తిరిగినవాడు. "ఇంత చిన్నవాటికి నన్ను పిలిచావేంటక్కా" అంటూనే చకచకా నొక్కేశాడు. నొక్కిన చోట ఒక లగ్గుని హాక్సాతో అడ్డంగా కోసి చూపించాడు కూడా. లోపల పోగులన్నీ ఒకే ముద్దలా ఉన్నాయి, గాలి దూరే సందు లేదు.

ఆటో ఎలక్ట్రికల్ పని చేసే బాబాయ్ దీనికి ఒప్పుకోలేదు. ఆయన మా బండిని ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాడు. "లగ్గులో సీసం కరిగించి పోస్తే నీ మనవలదాకా ఊడదమ్మాయ్" అన్నాడు. సీసం పోస్తే వైరు లోపలికి పీల్చుకుని ఓ రెండంగుళాలు కర్రలా గట్టిపడుతుంది, ఆ గట్టి అయ్యే అంచు దగ్గరే ఊగీ ఊగీ పోగులు తెగుతాయి అన్నాను. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. ఒప్పుకున్నట్టో, ఆడదానితో వాదన ఎందుకనుకున్నట్టో తెలియదు. కానీ పని మొదలయ్యాక పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు, బండి కిందికి దూరాల్సి వచ్చినప్పుడు నన్ను దూరనివ్వలేదు.

పని మొదలుపెట్టే ముందు గాజులు, ఉంగరం తీసి డబ్బాలో పెట్టాను. మెళ్లో గొలుసు జాకెట్టు లోపలికి దోపాను. ఇది నగల వాళ్ల చాదస్తం కాదు. పానాకీ బాడీకీ మధ్య బంగారు గాజు అడ్డం పడితే క్షణంలో ఎర్రగా కాలుతుంది, తీసే వ్యవధి కూడా ఉండదు. ఆ కారణంగానే ముందు నెగటివ్ తీయాలి, పాజిటివ్ ఆఖరున. నెగటివ్ ఊడాక పానా ఎక్కడ తగిలినా భయం లేదు. బిగించేటప్పుడు తిరగేసి, పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. పది నంబరు పానాతో విప్పితే నెగటివ్ క్లాంపు తేలిగ్గానే వచ్చింది. పాజిటివ్‌ది నట్టే మైలుతుత్తంలో కూరుకుపోయి ఉంది. గుబ్బ మీద సుత్తితో తట్టొద్దు, లోపల ప్లేట్లకి అతికిన చోట విరుగుతుంది. తినేసోడా వేడినీళ్లలో కలిపి పోస్తే బుసబుసా పొంగింది. పొంగు ఆగేదాకా పోయాలి, ఆగిందంటే ఆసిడ్ చచ్చినట్టు. పోసేముందు బ్యాటరీ మూతలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి, సోడా నీళ్లు లోపలికి పోతే బ్యాటరీకే చేటు. కింద బ్యాటరీ కూర్చునే రేకు కూడా సగం తినేసి ఉంది. దాన్ని గీకి, రెడాక్సైడ్ కొట్టి ఆరబెట్టాం.

సెల్ఫ్ దగ్గర బోల్టు రాగిది, మెత్తన. దాని మీది నట్టుని ఇనప బోల్టుని బిగించినట్టు బిగిస్తే తెగి చేతికొస్తుంది, అప్పుడు సెల్ఫ్‌కి కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చు, అదే సోలినాయిడ్, మొత్తం మార్చుకోవాలి. బాబాయ్ వేళ్లతో పట్టి, చివర పానాతో చిన్న తిప్పు తిప్పాడు. ఆ చెయ్యి నాకు రాదు.

ఈ లావు వైరుకి మధ్యలో ఫ్యూజు ఉండదు. బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా నేరుగా వెళ్తుంది. అంటే దారిలో ఏ రేకు అంచుకో రాసుకుని తొడుగు చిరిగితే, ఆపేవాళ్లు లేరు, మంటే. అందుకని వైరు పొడవునా గీతల ప్లాస్టిక్ గొట్టం తొడిగి, ఎగ్జాస్టు వేడికి దూరంగా తిప్పి, రెండు చోట్ల రబ్బరు లైనింగున్న క్లిప్పులతో పట్టించాం. ఇంజను ఊగడానికి చివర్లో కాస్త వదులు వదిలాం. లగ్గుల మెడ దగ్గర లోపల జిగురుండే హీట్ ష్రింక్ స్లీవు. వేడికి జిగురు కరిగి అంచుల్లోంచి బయటికి ఉబకాలి, అప్పుడే తేమ దూరకుండా మూసుకున్నట్టు. మామూలు స్లీవు చూపుకే.

ఎర్త్‌కి మా బండిలో ఉన్న ఏర్పాటు మార్చేశాను. ఇదివరకు బ్యాటరీ నుంచి బాడీకి ఒక వైరు, బాడీ నుంచి ఇంజనుకి ఆ అల్లిన పట్టీ. సెల్ఫ్ కరెంటంతా బాడీ మీదుగా చుట్టు తిరిగి రావాల్సి వచ్చేది. ఇప్పుడు లావు వైరు బ్యాటరీ నెగటివ్ నుంచి నేరుగా గేర్‌బాక్సు బోల్టుకి, దాని పక్కనే ఇంకొక వైరు బాడీకి. అల్లిన పట్టీ కొత్తది వేసి దాన్నీ ఉంచాం. బోల్టు కూర్చునే చోట పెయింటు, తుప్పు పోయి మెరిసేదాకా ఉప్పుకాగితంతో రుద్దాను. ఆ పని నాకు అలవాటే.

బిగించాక అన్నీ మళ్లీ కొలిచాను. సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ గుబ్బల మధ్య 10.9, కరెంటు 115 ఆంపియర్లు. బ్యాటరీ వోల్టులు ఇదివరకటి కంటే తగ్గాయేంటని మా మరిది కంగారు పడ్డాడు. ఇప్పుడే దానికి పని పడింది మరి. పాజిటివ్ వైపు మొత్తం పోయేది 0.18, ఎర్త్ వైపు 0.12. సెల్ఫ్‌కి ముట్టేది 10.6. తిరిగే చప్పుడే వేరు. మామయ్యగారు గుమ్మంలోంచి విని, "కొత్త సెల్ఫ్ వేశారా?" అన్నారు.

అంతటితో అయిపోలేదు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, బండి బాగా వేడెక్కి ఉండగా, మళ్లీ టక్ కూడా లేదు, మౌనం. లావు వైర్ల తప్పు కాదని అంకెలు చెబుతున్నాయి. మిగిలింది తాళం నుంచి సోలినాయిడ్‌కి పోయే సన్న వైరు. బ్యాటరీ దగ్గర మొదలై, డాష్‌బోర్డు వెనక తాళం స్విచ్చు దాకా పోయి, అక్కడి నుంచి తిరిగి ఇంజను దాకా రావాలి. దారిలో ఎన్ని ప్లగ్గులో. తాళం తిప్పి పట్టుకుని సోలినాయిడ్ చిన్న ముక్కు దగ్గర కొలిస్తే 8.7. బ్యాటరీ దగ్గర అప్పుడు పదకొండు పైన ఉంది. వేడెక్కిన సోలినాయిడ్ చుట్టకి అది చాలట్లేదు. డాష్‌బోర్డంతా విప్పి ఆ పాత వైరు వెతకడం కంటే బాబాయ్ చెప్పిన ఉపాయమే మేలనిపించింది, నలభై ఆంపియర్ల రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు. రిలే 30 నంబరు కాలికి బ్యాటరీ నుంచి నేరుగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ పక్కనే ముప్పై ఆంపియర్ల ఫ్యూజుతో. 87 నుంచి సోలినాయిడ్‌కి. తాళం నుంచి వచ్చే పాత సన్న వైరు 86కి, 85 ఎర్త్‌కి. ఇప్పుడు తాళం మోసేది రిలే చుట్ట కరెంటు ఒక్కటే, అది ఎంతోకాదు. తాళం స్విచ్చు ఆయుష్షు కూడా పెరుగుతుంది. రిలేని కాళ్లు కిందికి ఉండేలా బిగించాలి, నీళ్లు నిలవకుండా.

ఖర్చు చెప్పమంటే, కేబులు, లగ్గులు, క్లాంపులు, స్లీవులు, రిలే, బాబాయ్‌కి ఇచ్చింది అన్నీ కలిపి రెండు వేలు దాటలేదు. బ్యాటరీకి పెట్టినదాంట్లో సగం. లగ్గులు నొక్కిన కుర్రాడు డబ్బు పుచ్చుకోలేదు, వాళ్లమ్మగారి గొలుసుకి పూత వేయించుకుంటానన్నాడు, వేసిచ్చాను.

క్లాంపులు ఈసారి సీసంవే తీసుకున్నాను, ఇత్తడివి కాదు. ఇత్తడివి చూడ్డానికి బాగుంటాయి కానీ ఆసిడ్ తుంపర తగిలితే నీలం పూసేది ముందు అవే. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పల్చగా రాశాను. గ్రీజు బిగించాక పైన రాయాలి గానీ, గుబ్బకీ క్లాంపుకీ మధ్య మెత్తి బిగించకూడదు. చాలామంది అలాగే చేస్తారు.

నీలం మళ్లీ తొందరగా పూస్తే బ్యాటరీ ఎక్కువ ఛార్జింగు తింటోందేమో చూడాలి. ఇంజను ఆన్‌లో ఉండగా గుబ్బల మధ్య 13.8 నుంచి 14.4 లోపు ఉండాలి. మా బండిది 14.2 దగ్గర ఉంది, కాబట్టి డైనమో జోలికి పోలేదు. డైనమో నుంచి బ్యాటరీకి వచ్చే ఛార్జింగు వైరు మాత్రం పాతదే, కొస దగ్గర పచ్చగా ఉంది. హెడ్‌లైట్లు వేసి కొలిస్తే అక్కడ 0.4 పోతోంది. మిగిలిన వెల్డింగు కేబులు దానికి మరీ లావు, పది చదరపు మిల్లీమీటర్లది చాలు. ఈసారి బెజవాడ వెళ్లేవాళ్లకి చెప్పాలి, రెండు మీటర్లు.